పెంచే చేతికి సంతకం హక్కు

తెలుగులో ‘పెంచుకోవడం’ వేరు, ‘దత్తత తీసుకోవడం’ వేరు. పెంచుకోవడానికి ముహూర్తం ఉండదు, కాగితం ఉండదు. కూతురు కాన్పులో పోయిందనో, కొడుకూ కోడలూ ఒకే ప్రమాదంలో దూరమయ్యారనో, అల్లుడు మళ్లీ పెళ్లి చేసుకున్నాడనో పిల్లలు ఒక సాయంత్రం అమ్మమ్మ ఇంటికో మేనమామ ఇంటికో చేరతారు. నాలుగు రోజులనుకున్నది పదేళ్లవుతుంది. ‘ఈ పాప ఎవరు?’ అని అడిగితే ‘మా పాపే’ అంటారు. ఆ మాటలో అబద్ధమేమీ లేదు. అయితే బ్యాంకులోనో, పాస్‌పోర్టు కార్యాలయంలోనో, సబ్ రిజిస్ట్రారు ముందో ఆ మాట చెల్లదు. అక్కడ అడిగేది ఎవరు పెంచుతున్నారని కాదు, ఎవరి సంతకం చెల్లుతుందని.

బెంగళూరు తెలుగు కుటుంబాల్లో ఈ చిక్కు మరింత ముడిపడి ఉంటుంది. హిందూపురం, కదిరి, కుప్పం, మదనపల్లె వైపు నుంచి వచ్చి కృష్ణరాజపురంలో, మారతహళ్లిలో, బొమ్మనహళ్లిలో, యలహంకలో స్థిరపడినవాళ్లు ఎందరో. గార్మెంటు ఫ్యాక్టరీలో కుట్టుపని చేసేవాళ్లున్నారు, మేస్త్రీలున్నారు, ఐటీ ఉద్యోగులున్నారు. పిల్ల పుట్టింది ఒక రాష్ట్రంలో, చదివేది మరో రాష్ట్రంలో. తండ్రి పేరున ఉన్న పొలం అక్కడ, అద్దె ఇల్లు ఇక్కడ. ఏ ఊరి కోర్టుకు వెళ్లాలో, అసలు కోర్టుకు వెళ్లాల్సిన అవసరం ఉందో లేదో చెప్పేవాళ్లుండరు.

నేను యలహంకలో మేనమామ ఇంట్లో పెరిగినవాణ్ణి. బడి దరఖాస్తులో ‘తండ్రి లేదా సంరక్షకుడు’ అన్న చోటికి వచ్చేసరికి మామయ్య చేతిలో కలం ప్రతి ఏడూ ఒక్క క్షణం ఆగేది. ఇంట్లో ఇనపపెట్టెలో ఒక స్టాంపు కాగితం ఉండేది. ‘ఈ బాలుడి సంరక్షణ బాధ్యత నాదే’ అని రాసి, నోటరీ ముద్ర వేయించిన కాగితం. దాన్ని మేమందరం కోర్టు ఉత్తర్వంత భద్రంగా చూసుకున్నాం. అది ఏమిటో, ఏమి కాదో నాకు ముప్పై దాటాకగానీ తెలియలేదు.

ముందు ఆ కాగితం సంగతే చెబుతాను. నోటరీ చేసిన ప్రమాణపత్రం ఎవరినీ చట్టబద్ధ సంరక్షకుణ్ణి చేయదు. ఫలానా రోజున ఫలానా మనిషి ఈ మాట ప్రమాణం చేసి చెప్పాడనడానికి మాత్రమే అది సాక్ష్యం. తండ్రి బతికుండి, ‘పిల్ల మా అత్తగారి దగ్గర ఉండటానికి నాకు సమ్మతమే’ అని రాసిస్తే దానికి కొంత విలువ ఉంది. రేపు పోలీసు స్టేషనులో ‘పిల్లను ఎత్తుకుపోయారు’ అనే ఆరోపణ రాకుండా అడ్డుపడుతుంది, బడిలో చూపడానికి పనికొస్తుంది. కానీ ఆ తండ్రి మర్నాడే మనసు మార్చుకుని వచ్చినా దాన్ని చూపి ఆపలేరు. పిల్ల పేరున ఉన్న భూమిని దానితో అమ్మలేరు. పవర్ ఆఫ్ అటార్నీ కూడా ఇంతే. తల్లిదండ్రులు విదేశంలో ఉండి వైట్‌ఫీల్డులో తాతయ్య దగ్గర పిల్లల్ని ఉంచితే రోజువారీ పనులకు అది సాయపడుతుంది. సంరక్షకులుగా మాత్రం ఆ తల్లిదండ్రులే మిగులుతారు.

అయితే ఏ కాగితం కావాలి? రెండు ప్రశ్నలకు జవాబు తెలిస్తే దారి చాలావరకు తెలుస్తుంది. తల్లిదండ్రుల్లో ఎవరు బతికున్నారు? సంతకం దేనికి కావాలి? ఈ రెండూ తేల్చుకోకుండా వకీలు దగ్గరికి వెళితే అవసరానికి మించిన కాగితమో, అవసరానికి చాలని కాగితమో చేతిలో పడుతుంది.

కోర్టు ఉత్తర్వు లేకుండానే జరిగే పనులు

పెంచే బంధువుకు చట్టం ఏ గుర్తింపూ ఇవ్వదనుకోవడం పొరపాటు. 2009 నాటి విద్యాహక్కు చట్టం సంరక్షకుడనే మాటకు చెప్పిన అర్థంలో, పిల్ల ఆలనాపాలనా చూస్తూ తన దగ్గర ఉంచుకున్న వ్యక్తి కూడా ఉన్నారు. కోర్టు నియమించినవాళ్లే కానక్కరలేదు. ఆరు నుంచి పధ్నాలుగేళ్ల పిల్లను బడిలో చేర్చడానికి అమ్మమ్మ వెళితే ‘కోర్టు కాగితం తెండి’ అనడానికి ఆ చట్టంలో ఆధారం లేదు. వయసు రుజువు లేదని ప్రవేశం నిరాకరించకూడదు. పాత బడి నుంచి బదిలీ పత్రం రావడం ఆలస్యమైనా చేర్చుకోకుండా ఆపకూడదు. కదిరి నుంచి విద్యా సంవత్సరం మధ్యలో వచ్చిన పిల్లలకు ఈ చివరి నిబంధన ఎంత అవసరమో పెంచేవాళ్లకు తెలుసు.

ఆసుపత్రి విషయంలోనూ ఇలాంటి ఆసరా ఉంది. పన్నెండేళ్ల లోపు పిల్లల మేలు కోసం సద్భావంతో చేసే చికిత్సకు సంరక్షకుడు గానీ, ఆ పిల్లను చట్టబద్ధంగా తన బాధ్యతలో ఉంచుకున్న మరొకరు గానీ ఇచ్చే సమ్మతిని, ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహితలోని 27వ సెక్షన్ గుర్తిస్తుంది. సమ్మతి ఇచ్చేవారు సమయానికి అందుబాటులో లేని ప్రాణాపాయ స్థితిలో, సమ్మతి లేకుండా చికిత్స చేసిన వైద్యుడికి 30వ సెక్షన్ రక్షణ ఇస్తుంది. ముందే నిర్ణయించుకునే పెద్ద శస్త్రచికిత్సలకు ఆసుపత్రులు ఇంకా గట్టి కాగితం అడగవచ్చు. అర్ధరాత్రి జ్వరంతో మూర్ఛపోయిన పిల్లకు మాత్రం పెద్దమ్మ సంతకం చాలదని ఎవరైనా అంటే ఈ రెండు సెక్షన్లు గుర్తు చేయండి.

తల్లిదండ్రులు రోడ్డు ప్రమాదంలో చనిపోతే పరిహారం కోసం మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్‌లో దావా వేయడానికి కూడా ముందుగా సంరక్షకుడిగా నియామకం అక్కరలేదు. మతి స్థిమితం ఉండి, మైనరు ప్రయోజనాలకు విరుద్ధమైన ప్రయోజనం లేని పెద్దవారెవరైనా మైనరు తరఫున దావా నడపవచ్చు. పిల్ల వాటాగా వచ్చే డబ్బును సాధారణంగా మైనారిటీ (పద్దెనిమిదేళ్లు నిండని వయసు) తీరేదాకా బ్యాంకు డిపాజిట్‌లో ఉంచమంటారు. 1994లో సుప్రీంకోర్టు ఇచ్చిన మార్గదర్శకాలు అవి. ‘డబ్బు మా చేతికివ్వరా?’ అని తాతయ్యలు నొచ్చుకుంటారు. కానీ ఆ నియమం పిల్ల పక్షాన నిలబడుతుంది. అదే డబ్బు కోసం చుట్టూ చేరే బంధువుల నుంచి తాతయ్యనూ కాపాడుతుంది.

తండ్రి బతికుండి పట్టించుకోకపోతే, పిల్ల తరఫున అమ్మమ్మ భరణం అడగవచ్చు. 2024 జులై నుంచి అమలులో ఉన్న భారతీయ నాగరిక సురక్షా సంహితలో అది 144వ సెక్షన్. పిల్లను మరొకరు పెంచుతున్నంత మాత్రాన తండ్రి బాధ్యత తీరిపోదు. ‘అడిగితే పిల్లను తీసుకుపోతాడేమో’ అనే భయంతో చాలామంది అడగరు. ఆ భయం ఉత్తిది కాదు, దాని సంగతి కింద చెబుతాను.

ఇక బంధువు సంతకం చాలని చోట్లు. చిన్నపిల్లల బ్యాంకు ఖాతా సహజ సంరక్షకులైన తల్లిదండ్రులో చట్టబద్ధ సంరక్షకులో తెరవాలి. పదేళ్లు దాటిన పిల్లలు తమ ఖాతాను తామే నడుపుకునే వీలును బ్యాంకులు ఇవ్వవచ్చని రిజర్వు బ్యాంకు 2025లో స్పష్టం చేసింది, అది కొంత ఊరట. ఆడపిల్లల పొదుపు కోసం ఉన్న సుకన్య సమృద్ధి ఖాతాల విషయంలో ఎందరో అమ్మమ్మలు, తాతయ్యలు ఇబ్బంది పడ్డారు. మనవరాలి పేరున ప్రేమగా తెరిచిన ఖాతాల్లో వారు చట్టబద్ధ సంరక్షకులు కాకపోతే, ఆ స్థానాన్ని బతికున్న తల్లిదండ్రులకో చట్టబద్ధ సంరక్షకులకో మార్చాలని 2024 అక్టోబరు 1 నుంచి అమలయ్యేలా కేంద్రం చెప్పింది. పాస్‌పోర్టు, విదేశీ ప్రయాణం, అన్నిటికంటే ముఖ్యంగా స్థిరాస్తి: వీటికి కోర్టు ఉత్తర్వు లేనిదే కుదరదు.

1890 నాటి చట్టం

ఆ ఉత్తర్వు ఇచ్చేది గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం. బ్రిటిషువాళ్ల కాలం నాటిదైనా ఇప్పటికీ అన్ని మతాలవారికీ ఇదే దిక్కు. దీని కింద సంరక్షకులుగా ఉండాలనుకునే వ్యక్తి, పిల్లకు బంధువు, ఆఖరికి స్నేహితుడు కూడా అర్జీ పెట్టవచ్చు. అమ్మమ్మ, బాబాయి, పిన్ని, పద్దెనిమిది దాటిన అక్క, ఎవరైనా సరే.

‘కోర్టుకెక్కడం’ అనే మాట మన ఇళ్లలో పరువుతో ముడిపడి ఉంది. ‘కొడుకు మీద కేసు వేయమంటావా నాయనా?’ అని ఒక పెద్దావిడ నన్ను అడిగింది. కాదమ్మా. ఇది ఎవరి మీదా వేసే కేసు కాదు. పిల్లకు ఒక పెద్దదిక్కును అధికారికంగా ప్రకటించమని కోర్టును అడిగే అర్జీ. బతికున్న తల్లిదండ్రులకు, దగ్గరి బంధువులకు నోటీసు పంపుతారు నిజమే. అది వాళ్లను బోను ఎక్కించడానికి కాదు, ‘మీకు అభ్యంతరం ఉందా?’ అని అడగడానికి. వాళ్లు వచ్చి లేదని చెబితే పని తేలికవుతుంది.

అర్జీలో పిల్ల పుట్టిన తేదీ, మతం, ఎక్కడ ఉంటోంది, ఆస్తి ఏమైనా ఉందా, దగ్గరి బంధువులెవరు, ఈ అర్జీ పెట్టాల్సిన పరిస్థితి ఎందుకొచ్చింది అన్నవి రాయాలి. బాధ్యత తీసుకోవడానికి నాకు సమ్మతమేనని ఇద్దరు సాక్షుల ముందు సంతకం చేసిన ప్రకటన జతపరచాలి. కోర్టు అన్నిటికంటే ముందు చూసేది పిల్ల క్షేమం. వయసు, ఆడో మగో, మతం, సంరక్షకులు కాబోయేవారి నడవడి, శక్తి, బంధుత్వంలో దగ్గరితనం, చనిపోయిన తల్లిదండ్రుల కోరిక, పిల్లకు ఊహ తెలిస్తే ఆమె ఇష్టం కూడా లెక్కలోకి వస్తాయి. విచారణ సాగుతుండగానే తాత్కాలికంగా పిల్ల ఎవరి దగ్గర ఉండాలో చెప్పే అధికారం కోర్టుకు ఉంది. ఇది ఒకటి రెండు వాయిదాల్లో తేలే పని కాదు కనుక ఆ మధ్యంతర ఉత్తర్వును అడగడం మరచిపోకండి.

ఏ కోర్టు? పిల్ల మామూలుగా నివసించే చోటి కోర్టు. పిల్ల యలహంకలో ఉంటే అర్జీ బెంగళూరులోనే. పుట్టిన ఊరు హిందూపురమైనా సరే. పిల్లను చూసుకోవడానికి సంబంధించిన అర్జీ కుటుంబ న్యాయస్థానానికి వెళుతుంది. బెంగళూరులో అది సిద్దయ్య రోడ్డులోని న్యాయదేగుల భవనంలో ఉంది. కన్నడంలో దేగుల అంటే గుడి. పిల్ల ఆస్తికి సంరక్షకత్వం కావాలంటే మాత్రం కుటుంబ న్యాయస్థానం కాదు, నగరంలో సిటీ సివిల్ కోర్టు. అదీగాక ఆస్తి ఉన్న చోటి జిల్లా కోర్టులోనూ అడగవచ్చు. కుప్పం దగ్గర పిల్ల పేరున రెండెకరాలుంటే చిత్తూరు జిల్లా కోర్టుకు వెళ్లాలా, బెంగళూరులో వేయాలా అన్నది మీ సౌకర్యం. ఈ తేడా తెలియక ఒకే అర్జీలో రెండూ అడిగి నెలల తరబడి తిరిగినవాళ్లున్నారు.

భూమి విషయంలో ఇంకొంచెం ఆగాలి, ఎందుకంటే కుటుంబాలు విడిపోయేది ఇక్కడే. హిందూ మైనారిటీ, సంరక్షకత్వ చట్టం 1956లో వచ్చింది. పిల్లను పెంచుతున్నాననే కారణంతో ఆ పిల్ల ఆస్తిని ఎవరూ అమ్మకూడదు, తాకట్టు పెట్టకూడదు, దానితో ఏ లావాదేవీ చేయకూడదని అందులోని 11వ సెక్షన్ తేల్చి చెబుతుంది. మేనమామ ఎంత మంచివాడైనా, వచ్చిన డబ్బంతా పిల్ల చదువుకే పెట్టినా సరే. కోర్టు నియమించిన సంరక్షకుడికి కూడా అమ్మడానికి, తాకట్టుకు, అయిదేళ్లకు మించిన కౌలుకు ముందుగా కోర్టు అనుమతి కావాలి. అనుమతి అడిగితే కోర్టు ఇవ్వదని కాదు. పిల్ల అవసరం కోసమో, పిల్లకు స్పష్టమైన లాభం కోసమో అని చూపితే ఇస్తుంది. అడగకుండా అమ్మితే పెరిగి పెద్దయిన పిల్ల చేతనే దావా వేయించేవాళ్లు ఊళ్లో తప్పకుండా ఉంటారు. పెంచిన ప్రేమంతా అప్పుడు బోనులో నిలబడుతుంది. ఉమ్మడి కుటుంబంలో విడిపోని వాటాకు, ఇంటి పెద్ద దాన్ని చూసుకుంటున్నంత కాలం, మామూలుగా విడిగా సంరక్షకుణ్ణి నియమించరు. దానికి వేరే సలహా అవసరం.

పెద్ద వయసువాళ్లకు మరో మాట. అమ్మమ్మకు డెబ్బై దాటాయని కోర్టు సందేహించవచ్చు, అమ్మమ్మకే ఆ దిగులు ఉండవచ్చు. అలాంటప్పుడు అమ్మమ్మను, మేనమామను ఉమ్మడి సంరక్షకులుగా నియమించమని కోరవచ్చు. ఒకరు పోతే మిగిలినవారు కొనసాగుతారు. ఉత్తర్వు వచ్చాక పిల్లను ఆ కోర్టు పరిధి దాటించి వేరే ఊరికి మకాం మార్చాలంటే కోర్టు అనుమతి తీసుకోవాలి. బెంగళూరు వదిలి సొంతూరు వెళ్లిపోవాలనుకునేవాళ్లకు ఇది తెలియాలి. కోర్టు సంరక్షకుణ్ణి నియమిస్తే మైనారిటీ ఇరవై ఒకటి దాకా సాగుతుందని పాతతరం వకీళ్లు చెప్పే మాట ఇప్పుడు చెల్లదు. 1999లో చట్టం మారింది, ఇప్పుడు అందరికీ పద్దెనిమిదే.

తండ్రి బతికుంటే

ఇదే అన్నిటికంటే కష్టమైన భాగం. తండ్రి గానీ తల్లి గానీ బతికుండి, వారు అనర్హులని కోర్టు భావించనంత వరకు మరొకరిని సంరక్షకులుగా నియమించడానికి 1890 చట్టంలోని 19వ సెక్షన్ అడ్డుపడుతుంది. తండ్రి తాగుబోతని, మళ్లీ పెళ్లి చేసుకున్నాడని చెబితే చాలదు. పిల్లకు జరిగే హానిని చూపాలి. ఏళ్ల తరబడి చూడ్డానికి రాకపోవడం, ఖర్చుకు పైసా పంపకపోవడం, హింస, నేరం లాంటి వాటికి సాక్ష్యం కావాలి.

సుప్రీంకోర్టు తీర్పులు కొన్ని చూస్తే న్యాయమూర్తుల ఆలోచన తెలుస్తుంది. 2024 ఆగస్టులో ఒక కేసులో, తల్లి చనిపోయిన కష్టకాలంలో తండ్రి పాపను తల్లి తరఫు బంధువుల దగ్గర ఉంచినంత మాత్రాన పాపను అతనికి ఇవ్వకుండా ఆపలేమని చెప్పింది. పాప తండ్రి దగ్గరికి వెళ్లింది. మరుసటి నెలలోనే ఇంకో కేసు. రెండున్నరేళ్ల పాప తల్లి చనిపోయాక పిన్నుల దగ్గర పెరుగుతోంది. హైకోర్టు పాపను తండ్రికి అప్పగించమంది. సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వును రద్దు చేసింది. పిల్లలను చరాస్తిలా ఒకరి చేతి నుంచి మరొకరి చేతికి మార్చలేమని, ఆ మార్పు పసిమనసుపై చూపే ప్రభావాన్ని ముందు పరిశీలించాలని చెప్పింది. ఈ రెండు తీర్పులూ ఒకదానికొకటి విరుద్ధమని నేను అనుకోను. రెండింటిలోనూ నిలిచిన ప్రశ్న ఒక్కటే: ఈ పిల్లకు, ఈ వయసులో, ఏది మేలు?

కరోనాలో తల్లిదండ్రులిద్దరినీ పోగొట్టుకున్న బాలుడి కేసులో 2022 జూన్‌లో వచ్చిన తీర్పు మరోరకం. గుజరాత్ హైకోర్టు బాబును తల్లి తోబుట్టువుకు ఇచ్చింది. ఆమె వయసులో చిన్నది, కేంద్ర ప్రభుత్వ ఉద్యోగి అన్నవి కారణాల్లో ఉన్నాయి. సుప్రీంకోర్టు నానమ్మ తాతయ్యల వైపు నిలిచింది. ఆదాయం, వయసు మాత్రమే కొలమానాలు కావంది. పింఛను మీద బతికే వృద్ధులకు ఆ మాట ధైర్యమిస్తుంది. నానమ్మ తాతయ్యలే ఎక్కువ ప్రేమగా చూస్తారన్న ధోరణి కూడా ఆ తీర్పులో ఉంది, దానితో నేను ఏకీభవించను. అమ్మమ్మ ఒళ్లో పెరిగినవాళ్లను అడగండి. మీ కేసులో మీ పిల్ల ఎవరిని అంటిపెట్టుకుని ఉందో అదే చూపండి.

అందుకే తండ్రి బతికున్నచోట నా సలహా: నిజంగా హాని లేనప్పుడు పిల్లను దాచవద్దు. అతను వస్తే చూడనివ్వండి, వచ్చిన తేదీలు రాసిపెట్టుకోండి. రాకపోతే అదీ తేదీలతో ఉండాలి. బడి ఫీజు రసీదులు, టీకాల కార్డు, ఆసుపత్రి చీటీలు, తల్లిదండ్రుల సమావేశానికి ఎవరు వెళ్లారో చూపే నోటుబుక్కు, వీటిని మించిన సాక్ష్యం లేదు. భరణం అడిగితే పిల్లను తీసుకుపోతాడనే భయానికీ మందు ఇదే. ఏళ్లుగా పిల్ల ఎవరి చేతుల్లో ఉందో చూపే కాగితాలుంటే, ఆ బెదిరింపుకు బలం తగ్గుతుంది.

వీలునామాలో ఒక వాక్యం

చాలామందికి తెలియని, ఖర్చు లేని దారి ఒకటుంది. భర్త చనిపోయిన హిందూ స్త్రీ, తన తర్వాత తన మైనరు పిల్లలకు సంరక్షకులెవరో వీలునామాలో రాయవచ్చు. 1956 చట్టంలోని 9వ సెక్షన్ ఆ హక్కు ఇస్తోంది. జబ్బుతో బెంగళూరు ఆసుపత్రిలో ఉన్న అలాంటి తల్లి, ‘నా తర్వాత నా పిల్లలకు నా తమ్ముడు సంరక్షకుడు’ అని తెల్లకాగితం మీద రాసి, ఇద్దరు సాక్షుల ముందు సంతకం చేస్తే చాలు. సాక్షులు కూడా ఆమె ముందు సంతకం చేయాలి. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, చేయిస్తే మంచిది. ఆ తమ్ముడు ఆమె తర్వాత చట్టబద్ధ సంరక్షకుడవుతాడు.

తండ్రి కూడా వీలునామాలో రాయవచ్చు, కానీ అతని తర్వాత తల్లి బతికుంటే ఆమే సంరక్షకురాలు. తండ్రి రాసిన పేరు, తల్లి కూడా ఎవరినీ నియమించకుండా పోతేనే అమలులోకి వస్తుంది. తండ్రి బతికుండగా, విడిపోయిన తల్లి తన తమ్ముడి పేరు రాసినంత మాత్రాన తండ్రి పక్కకు జరగడు. అయినా ఆ కోరిక రాతలో ఉంటే కోర్టు దాన్ని చూస్తుంది. మంచాన పడిన మనిషి దగ్గర వీలునామా మాట ఎత్తడం మనకు అపశకునంలా తోస్తుంది. ఆ బిడియంతో అడగని ఒక్క వాక్యం కోసం తర్వాత మూడేళ్లు వాయిదాలకు తిరగాల్సి వస్తుంది.

దత్తత ఎప్పుడు?

దత్తత పెద్ద నిర్ణయం. పుట్టిన కుటుంబంతో చట్టపరమైన బంధం తెగిపోతుంది. అప్పటికే పిల్లకు సంక్రమించిన ఆస్తి పిల్లదే అయినా, ఆ తర్వాత పుట్టింటి వైపు వారసత్వం ఉండదు. రద్దు చేయడమూ కుదరదు. సంరక్షకత్వం అలా కాదు, పిల్ల తల్లి పేరు, తండ్రి పేరు, వారసత్వం చెక్కుచెదరవు. చాలా కుటుంబాలకు కావలసింది సంరక్షకత్వమే, అడిగేది మాత్రం దత్తత. వకీలు దగ్గర ఈ తేడా గట్టిగా అడగండి.

హిందువులకు 1956 నాటి దత్తత చట్టం ఉంది. దాని కింద పదిహేనేళ్లు నిండని, పెళ్లికాని పిల్లలనే దత్తత ఇవ్వాలి. ఆచారం ఉంటే మినహాయింపు. ఇందులో రెండు ఉచ్చులున్నాయి. కొడుకునో కొడుకు కొడుకునో కలిగి ఉన్నవాళ్లు మరో మగపిల్లవాణ్ణి దత్తత తీసుకోలేరు. కూతురో కొడుకు కూతురో ఉంటే ఆడపిల్లను తీసుకోలేరు. సొంత కొడుకున్న మేనమామ మేనల్లుణ్ణి ఈ చట్టం కింద దత్తు చేసుకోలేడన్నమాట. రెండో ఉచ్చు: తల్లిదండ్రులిద్దరూ చనిపోయిన పిల్లను అమ్మమ్మ తనంతట తాను దత్తత ఇవ్వడానికి వీల్లేదు. సంరక్షకుడు ఇవ్వాలంటే ముందుగా కోర్టు అనుమతి ఉండాలి. అలా అనుమతి లేకుండా రిజిస్టరు చేసుకున్న పత్రాలు పెళ్లికో ఉద్యోగానికో అవసరమైన రోజున కూలిపోతాయి.

రెండో దారి బాలల న్యాయ చట్టం, 2015. ఇది అన్ని మతాలవారికీ వర్తిస్తుంది. బంధువు నుంచి బంధువుకు దత్తతను ఇది విడిగా గుర్తిస్తుంది. తండ్రి వైపు, తల్లి వైపు తాతలు, అమ్మమ్మ, నానమ్మ, పెదనాన్న, బాబాయి, మేనత్త, మేనమామ, పెద్దమ్మ, పిన్ని ఆ జాబితాలో ఉన్నారు. అక్క, అన్న లేరు. అమ్మానాన్నలు పోయాక చెల్లెల్ని పెంచుతున్న ఇరవై రెండేళ్ల అక్కకు ఈ దారి మూసుకుపోయింది, ఆమెకు 1890 చట్టమే దిక్కు. ఇది చట్టంలోని లోపమని నా నమ్మకం. బంధువుల దత్తతకు దత్తత తీసుకునేవారి వయోపరిమితి వర్తించదు. ఇంట్లో సొంత పిల్లలున్నా అడ్డు కాదు. అయిదేళ్లు దాటిన పిల్ల సమ్మతి తప్పనిసరి. కేంద్ర దత్తత సంస్థ వెబ్‌సైటులో నమోదు చేసుకుని, జిల్లా బాలల సంరక్షణ విభాగం ద్వారా వెళ్లాలి. 2022 సెప్టెంబరు 1 నుంచి ఉత్తర్వు ఇచ్చేది కోర్టు కాదు, జిల్లా మేజిస్ట్రేటు, అంటే కలెక్టరు.

దత్తత లేకపోతే ఆస్తి రాదేమోనని తాతయ్యలు భయపడతారు. చనిపోయిన కూతురి పిల్లలకు, చనిపోయిన కొడుకు పిల్లలకు హిందూ వారసత్వ చట్టంలో తాత, అమ్మమ్మల ఆస్తిలో వాటా ఎలాగూ ఉంది. మేనల్లుణ్ణి పెంచిన మామ మాత్రం ఏదైనా ఇవ్వాలనుకుంటే వీలునామా రాయాలి.

డబ్బు, వకీలు

తల్లిదండ్రులు లేక బంధువుల ఇంట్లో పెరుగుతున్న పిల్లలకు కేంద్ర పథకమైన మిషన్ వాత్సల్య కింద నెలకు 4,000 రూపాయల సాయం ఉంది. నగరంలో కుటుంబ ఆదాయం ఏడాదికి 96,000, పల్లెల్లో 72,000 మించకూడదు. బెంగళూరు అద్దెల ముందు ఆ పరిమితి ఎంత తక్కువో వేరే చెప్పనక్కరలేదు, అయినా ఇళ్లలో పనిచేసుకుని మనవలను సాకుతున్న అమ్మమ్మలు ఎందరో దాని లోపలే ఉన్నారు. జిల్లా బాలల సంరక్షణ విభాగంలో దరఖాస్తు ఇవ్వాలి, దారి తెలియకపోతే 1098కి ఫోను చేయాలి. చనిపోయిన తల్లో తండ్రో గార్మెంటు ఫ్యాక్టరీలోనో కంపెనీలోనో పీఎఫ్ ఉన్న ఉద్యోగం చేసి ఉంటే ఇంకొకటి వెతకాలి. 1995 నాటి ఉద్యోగుల పింఛను పథకంలో తల్లిదండ్రులిద్దరూ లేని పిల్లలకు అనాథ పింఛను ఉంది. వితంతు పింఛనులో 75 శాతం, కనీసం 750 రూపాయలు, ఒకేసారి ఇద్దరు పిల్లల వరకు, ఇరవై అయిదేళ్లు వచ్చేదాకా. అడగనందువల్ల చాలా ఇళ్లకు ఇది అందడం లేదు.

వకీలు ఖర్చు గురించి భయపడి ఆగిపోవద్దు. 1987 నాటి న్యాయసేవల చట్టం ప్రకారం స్త్రీలకు, పిల్లలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం దొరుకుతుంది. అర్జీ పెట్టేది అమ్మమ్మో, పిన్నో, అక్కో అయితే ఆమె హక్కుగానే అడగవచ్చు. వకీలును వాళ్లే ఇస్తారు, కోర్టు ఖర్చులు చూస్తారు. జాతీయ సహాయ నంబరు 15100. కర్ణాటక రాష్ట్ర న్యాయసేవల ప్రాధికారం కూడా అదే న్యాయదేగులలో ఉంది కనుక, కుటుంబ న్యాయస్థానానికి వెళ్లిన రోజే అక్కడా అడిగి రావచ్చు.

మొదటిసారి వెళ్లేటప్పుడు తల్లిదండ్రుల మరణ ధ్రువపత్రాలు, పిల్ల జనన ధ్రువపత్రం, బడి గుర్తింపు కార్డు, మీ ఆధార్, బంధుత్వం చూపే రేషన్ కార్డు లాంటిది ఏదైనా, పిల్ల పేరున ఆస్తి ఉంటే పట్టాదారు పాస్ పుస్తకం నకలు, ఫీజు రసీదులు తీసుకెళ్లండి. ఇనపపెట్టెలో నోటరీ కాగితం ఉంటే అదీ పట్టుకెళ్లండి, ఆ తేదీ నుంచి పిల్ల మీ దగ్గరే ఉందనడానికి అది పనికొస్తుంది. పిల్లకు తొమ్మిది పదేళ్లుంటే విషయం ముందే ఇంట్లో చెప్పండి, ఎందుకంటే న్యాయమూర్తి ఆమెను తన గదిలోకి పిలిచి ‘నీకు ఎవరి దగ్గర ఉండాలని ఉంది?’ అని అడగవచ్చు. ఏం చెప్పాలో మాత్రం నేర్పకండి.